సైకిలు చైను తెగింది, అతికించాక ఏ గేరూ మాట వినట్లేదు

మణికొండ_మైలు
ఆదివారం, మధ్యాహ్నం 12:20

అందరికీ నమస్కారం. పొద్దున గండిపేట మీదుగా చిలుకూరు వెళ్లి వస్తున్నా. ఎత్తు మీద పెడళ్లపై నిలబడి తొక్కుతూనే ముందు గేరు మార్చా. ఠప్పుమంది. కాళ్లు ఊరికే గిర్రున తిరిగాయి. దిగి చూస్తే చైను సగం రోడ్డు మీద, సగం వెనక డిరైలర్‌లో ఇరుక్కుని ఉంది (డిరైలర్ అంటే గేరు మార్చినప్పుడు చైనును పక్క చక్రం మీదికి జరిపే భాగం).

కాస్త దూరం నడిపించుకుంటూ పోతే మొయినాబాద్ రోడ్డు పక్కన పంక్చర్ షాపు కనబడింది. ఆయన ఇరుక్కున్న చైను లాగి, పాడైన లింకు తీసేసి, మేకు పెట్టి సుత్తితో పిన్ను కొట్టి అతికించాడు. తర్వాత స్క్రూడ్రైవర్ తీసుకుని డిరైలర్ మీద ఒక స్క్రూ తిప్పాడు. ఎందుకని అడిగితే "ఇంటికైతే పో సార్, పెద్ద చక్రం మీదికి మాత్రం ఎక్కియ్యకు" అన్నాడు. అసలు ఆయన ఆ స్క్రూ తిప్పాకే అంతా పాడైందని నా అనుమానం.

ఇప్పుడు ఏ గేరులో తొక్కినా కిటకిట. మధ్య గేర్లలో ఒకటి నొక్కితే రెండు దూకుతుంది, లేదంటే అసలు కదలదు. వెనక పళ్ల చక్రాల్లో పెద్దదాని మీదికి ఎంత నొక్కినా ఎక్కదు. తొక్కుతుంటే అప్పుడప్పుడు జారుతోంది కూడా.

బండి హైబ్రిడ్. ముందు 3 పళ్ల చక్రాలు (42-34-24 పళ్లు), వెనక 8 (12 నుంచి 32 పళ్లు). మూడేళ్లలో 4,200 కిలోమీటర్లు. చైను ఎప్పుడూ మార్చలేదు. యూట్యూబ్ చూసి డిరైలర్ మీది హెచ్, ఎల్ స్క్రూలు నేనే తిప్పుదామనుకుంటున్నా. ఏది ఎటు తిప్పాలి?

గేరులేని_గిరి
ఆదివారం, 12:41

అందుకే మా ఇంట్లో ఇప్పటికీ ఒంటి గేరు బండే. తెగేది ఒకటే, అతికించేది ఒకటే.

కేబుల్‌బ్రిడ్జి_కుర్రాడు
ఆదివారం, 12:58

హ్యాంగర్ వంగింది బ్రో, అదే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క. కొత్తది వేయించు, అయిపోద్ది. నాకూ ఇలాగే అయింది.

స్పోకు_శాస్త్రి
ఆదివారం, 1:30

మణికొండ గారూ, స్క్రూడ్రైవర్ కాసేపు లోపల పెట్టండి.

శనివారం వరకు గేర్లు బాగానే పడ్డాయి కదా? ఆ స్క్రూలు వాటంతటవి తిరగవు. మొయినాబాద్ ఆయన తిప్పిన ఒక్కటి తప్ప మిగతావి ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. కాబట్టి మొదట అడగాల్సింది చైను తెగినప్పుడు బండిలో ఏం మారింది అని. లింకు పోయింది, పిన్ను దెబ్బతింది, చైను మళ్లీ కొత్తగా ఎక్కించారు, డిరైలర్ మీద ఒక లాగుడు పడింది. ఈ నాలుగూ చూడకుండా స్క్రూ తిప్పితే, వంకర గోడకు తలుపు సరిపోవట్లేదని తలుపు చెక్కుతూ కూర్చున్నట్టే.

కుర్రాడు చెప్పిన హ్యాంగర్ మాట నిజమే అయి ఉండొచ్చు. కానీ అదొక్కటే అయితే అన్ని గేర్లలో ఒకే రకం కిటకిట రాదు. ఫోటోలు పెట్టండి. బండికి సరిగ్గా వెనక, చక్రం ఎత్తులో కూర్చుని ఒకటి. డిరైలర్‌కు పక్క నుంచి, చాలా దగ్గరగా ఒకటి. తీసే ముందు గుడ్డతో తుడవండి, మసి ఉంటే ఏమీ కనబడదు.

మణికొండ_మైలు
ఆదివారం, సాయంత్రం 5:15

తుడిచి మూడు ఫోటోలు పెట్టా. వెనక నుంచి చూస్తే డిరైలర్ కింది భాగం కొంచెం స్పోకుల వైపు వాలినట్టుంది. నా కళ్లకే అలా అనిపిస్తోందా?

అనంతగిరి_అక్క
ఆదివారం, 6:02

తమ్మీ, రెండో ఫోటో జర పెద్దగ చేసి చూడు. డిరైలర్ల రెండు చిన్న చక్రాలు ఉంటయి గద, ఆ రెండిటి నడిమిట్ల పంజరానికి చిన్న రేకు ముక్క ఒకటి అడ్డంగ ఉంటది. చైను దాని లోపలి దిక్కుకెళ్లి పోవాలె. నీది రేకు మీదికెళ్లి పోతున్నది. ఆ రేకు ఎట్ల మెరుస్తుందో చూడు, ఒక్క పూటలనే రాపిడికి తెల్లగైంది.

నీ కిటకిట అదే. గేరుతోని సంబంధం లేదు, ఏ గేరుల తొక్కినా చైను ఆడ రాసుకుంటనే ఉంటది.

సిగ్గుపడకు, నేను గూడ చేసిన. వికారాబాద్ కాడ ఘాట్ ఎక్కంగ చైను ఊడదీసి మళ్లెక్కిచ్చినప్పుడు గిట్లనే ఎక్కిచ్చి, బేరింగు పోయిందనుకుంట ఇంటిదాంక తొక్కిన.

మణికొండ_మైలు
ఆదివారం, 6:20

అక్కా!! చూశా. నిజమే. ఇన్ని వీడియోలు చూశాను, ఒక్కడూ ఆ రేకు గురించి చెప్పలేదు. ఇప్పుడే పిన్ను తీసి సరిగ్గా వేస్తా.

లాలాగూడ_ఫిట్టర్
ఆదివారం, 6:34

ఆగు నాయనా. ఆ పిన్ను మళ్లీ కొట్టకు.

నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. పాత పెద్ద సైకిళ్ల చైను వేరు, మీ గేర్ల బండి చైను వేరు. పాతదానికి వెడల్పు ఎక్కువ, కలిపే చోట యూ ఆకారంలో క్లిప్పు ఉండేది. క్లిప్పు మూసిన వైపు చైను పోయే దిక్కుకు ఉండాలని మాకు మొదటి రోజే నేర్పేవాళ్లు. ఆ చైనులో పిన్ను సుత్తితో కొట్టి వాడినా కొన్నాళ్లు లాగేది.

మీ 8 గేర్ల చైను వెడల్పు సుమారు 7 మిల్లీమీటర్లే. పిన్ను రెండు కొసలను ఫ్యాక్టరీలో నొక్కి, గొడుగులా విప్పి ఉంచుతారు. పక్క పలకలను పట్టి ఉంచేది ఆ గొడుగే. పిన్ను ఒకసారి బయటికి తోస్తే అది చెక్కుకుపోతుంది. లోపలికి తిరిగి కొట్టినా పట్టు ఉండదు. నిలబడి తొక్కితే మళ్లీ అక్కడే విడుతుంది. ఆ పంక్చర్ షాపు మనిషిని తప్పు పట్టను, అతని దగ్గర ఉన్న పనిముట్టుతో అతనికి వచ్చిన పని చేసి నిన్ను ఇంటికి చేర్చాడు.

తెగిన లింకు పారేశావా, ఉందా?

మణికొండ_మైలు
ఆదివారం, 6:50

జేబులో ఉంది బాబాయ్. బయటి పలక ఒకవైపు పిన్ను నుంచి ఊడి పక్కకు వంగింది. రెండోవైపు బాగానే ఉంది.

లాలాగూడ_ఫిట్టర్
ఆదివారం, 7:10

అయితే అది సాగి తెగింది కాదు, పక్కకు లాగడం వల్ల విడింది. బలమంతా పెడల్ మీద పెట్టి ముందు గేరు మార్చావు. చైను ఒక చక్రం నుంచి ఇంకోదానికి అడ్డంగా పోతున్న క్షణంలో మొత్తం బరువు ఆ ఒక్క పలక మీద పడింది. ఎత్తు మొదలవకముందే గేరు మార్చాలి. మరిచిపోతే, మార్చే ఆ ఒక్క చుట్టు కాలు వదులు చేయాలి.

కేబుల్‌బ్రిడ్జి_కుర్రాడు
ఆదివారం, 7:25

మరి క్విక్ లింకు (పిన్ను కొట్టకుండా చైను కలిపే లింకు) వేసేస్తే చాలదా? పది నిమిషాల పని. కొత్త చైను దండగ.

స్పోకు_శాస్త్రి
ఆదివారం, 8:05

దారిలో అయితే చాలు. 8 గేర్లకు తగ్గ క్విక్ లింకు ఒకటి సీటు కింద సంచిలో అందరూ పెట్టుకోండి, బరువు ఉండదు. కానీ ఈ చైను సంగతి వేరు. రెండు విషయాలు తేలాలి.

మొదటిది పొడవు. పాడైన లింకు తీశారంటే బయటి పలకల జత ఒకటి, లోపలి పలకల జత ఒకటి, అంటే లెక్కకు రెండు లింకులు, మొత్తం ఒక అంగుళం పోయినట్టు. ముందు 42, వెనక 32 మీదికి ఒకేసారి ఎక్కితే సరిపోయేంత చైను లేకపోతే డిరైలర్ ముందుకు లాక్కుపోయి విరుగుతుంది. మణికొండ గారూ, వెనక చక్రం ఎత్తి, చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, ముందు పెద్దది, వెనక రెండో పెద్దది (28 పళ్లది) మీద పెట్టి చూడండి. 32 జోలికి పోకండి.

రెండోది అరుగుదల. స్కేలు చాలు. చైను బిగువుగా ఉన్నప్పుడు ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని లెక్కలో వేయకుండా, 24వ పిన్ను మధ్య వరకు కొలవండి. కొత్త చైను సరిగ్గా 12 అంగుళాలు, అంటే 304.8 మిల్లీమీటర్లు. 307 దాటితే మార్చాలి. 308 దాటితే చైనుతో పాటు వెనక పళ్లు కూడా అరిగి ఉంటాయి.

మణికొండ_మైలు
ఆదివారం, రాత్రి 9:10

42 మీద, 28 మీద పెట్టేసరికే డిరైలర్ ముందుకు సాగి, చైను దాదాపు తిన్నగా బిగుసుకుపోయింది. 32 అయితే ఏమయ్యేదో.

కొలత 308. మూడుసార్లు కొలిచా, మా ఆవిడ కూడా కొలిచింది.

అనంతగిరి_అక్క
ఆదివారం, 9:18

చెల్లె కొలిచిందంటే పక్కా.

లాలాగూడ_ఫిట్టర్
ఆదివారం, 9:40

ఇప్పుడు పొద్దుటి మాట గుర్తు చేసుకో. "పెద్ద చక్రం మీదికి ఎక్కియ్యకు" అన్నాడు. అతను తిప్పింది ఎల్ స్క్రూ అయి ఉండాలి. ఆ స్క్రూ బిగిస్తే డిరైలర్ స్పోకుల వైపు పోకుండా ఆగుతుంది. నీ డిరైలర్ స్పోకుల వైపు వాలి ఉందని నువ్వే అన్నావు. పెద్ద చక్రం మీదికి పోనిస్తే డిరైలర్ స్పోకుల్లో పడేది, లేదా చైను చాలక విరిగేది. రెండూ తప్పించాడు. "ఆయన తిప్పాకే పాడైంది" అని రాశావు. పాడైంది చూసి తిప్పాడు.

మణికొండ_మైలు
ఆదివారం, 9:52

ఒప్పుకుంటున్నా బాబాయ్. ఆ వాక్యం ఉపసంహరించుకున్నా.

కేబుల్‌బ్రిడ్జి_కుర్రాడు
సోమవారం, ఉదయం 8:15

హ్యాంగర్ అని నేనే ముందు చెప్పా, గమనించగలరు 😎

స్పోకు_శాస్త్రి
సోమవారం, 8:40

చెప్పావు నాయనా. "కొత్తది వేయించు" అని కూడా చెప్పావు. అంత అవసరం ఉందో లేదో కొలవాలి.

హ్యాంగర్ మెత్తటి అల్యూమినియం ముక్క. దెబ్బ తగిలితే ఫ్రేము బదులు అది వంగాలనే అలా చేస్తారు. ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారం, కాబట్టి దుకాణంలో "హ్యాంగర్ ఇవ్వండి" అంటే దొరకదు, పాతది విప్పి పట్టుకెళ్లాలి.

దాన్ని సరిచూసే గేజు షాపుల్లో ఉంటుంది. ఇంట్లో ఇంకో సైకిలు ఉంటే అదీ అక్కర్లేదు. క్విక్ రిలీజ్ (చేతి లివరుతో విప్పే కడ్డీ) ఉన్న మామూలు వెనక చక్రం ఇరుసు మరలు, హ్యాంగర్ మరలు ఒకే కొలత: 10 మిల్లీమీటర్లు, మర దూరం 1 మిల్లీమీటరు. డిరైలర్‌ను 5 నంబరు అలెన్ కీతో విప్పండి, కేబుల్ వదిలేయక్కర్లేదు, పక్కకు వేలాడనివ్వండి. రెండో చక్రం క్విక్ రిలీజ్ కడ్డీ లాగేసి, ఇరుసు కొసను హ్యాంగర్‌లోకి చేత్తోనే తిప్పి ఎక్కించండి. అడ్డంగా ఎక్కుతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపండి, మరలు పోతే నిజంగానే కొత్తది కొనాలి. ఇప్పుడు రెండు చక్రాలు పక్కపక్కన నిలబడతాయి. రెండు రిమ్ముల మధ్య సందు పైన, కింద, ముందు, వెనక కొలవండి. తేడా 4 మిల్లీమీటర్ల లోపు ఉంటే చాలు.

మణికొండ_మైలు
సోమవారం, రాత్రి 10:05

మా అబ్బాయి సైకిలు చక్రం పెట్టా (వాడు అలిగాడు). పైన సందు ఎక్కువ, కింద తక్కువ, తేడా 14 మిల్లీమీటర్లు. ముందు వెనకల మధ్య 5. అదే చక్రాన్ని పట్టుకుని నెమ్మదిగా బయటికి లాగా. మొదట ఏమీ కదల్లేదు, తర్వాత వెన్నలా వంగింది, చెమటలు పట్టాయి. ఇప్పుడు తేడా 3.

లాలాగూడ_ఫిట్టర్
సోమవారం, 10:20

భేష్. ఇంక దాన్ని మళ్లీ మళ్లీ వంచకు. అల్యూమినియం ఒకటి రెండు సార్లు వింటుంది, తర్వాత పుటుక్కుమంటుంది. హ్యాంగర్ మీద వెంట్రుకవాసి పగులు ఉందేమో టార్చి వేసి చూడు. డిరైలర్ పంజరం రెండు పలకలు సమానంగా ఉన్నాయా, చిన్న చక్రాల పళ్లు విరిగాయా అనేదీ చూడు.

మణికొండ_మైలు
మంగళవారం, రాత్రి 8:30

పగులు లేదు, పంజరం బాగుంది. సాయంత్రం కోఠి ఇసామియా బజార్ వెళ్లి 8 గేర్ల చైను తెచ్చా, పెట్టెలోనే క్విక్ లింకు ఉంది. కొత్తది 116 లింకులు. పాతదాన్ని లెక్కపెడితే 108, పోయిన రెండు కలిపి 110. కొత్తదాన్ని 110కి కోయొచ్చా?

స్పోకు_శాస్త్రి
మంగళవారం, 8:44

ఫ్యాక్టరీ పొడవు అదే అయితే కోయొచ్చు. కోసే ముందు ఒకసారి సరిచూసుకోండి. డిరైలర్‌లోంచి పోనీయకుండా చైనును నేరుగా ముందు 42, వెనక 32 చుట్టూ వేసి, కలిసే చోటు నుంచి రెండు లింకులు ఎక్కువ ఉంచాలి. పాత చైను పక్కన పెట్టి పొడవు చూసి కోయకండి, అది సాగి ఉంది, మోసపోతారు. లింకులు లెక్కపెట్టాలి.

ఇక ఇప్పుడు స్క్రూడ్రైవర్ బయటికి తీయండి.

కేబుల్ వదులు చేసి, చైను వెనక 12 పళ్ల చక్రం మీద ఉండగా హెచ్ స్క్రూ (డిరైలర్ ఆ చక్రం దాటి బయటికి పోకుండా ఆపేది) చూడండి. వెనక నుంచి చూస్తే డిరైలర్ పై చిన్న చక్రం 12 పళ్ల దాని కిందే ఉండాలి. మీది బహుశా ముట్టుకోనక్కర్లేదు. తర్వాత చేత్తో డిరైలర్‌ను లోపలికి తోస్తూ 32 మీదికి ఎక్కించి, మొయినాబాద్ ఆయన బిగించిన ఎల్ స్క్రూను పావు చుట్టు చొప్పున వదులు చేయండి. చైను ఎక్కాలి, స్పోకుల వైపు పడకూడదు. అక్కడే ఆపాలి. 32 మీద ఉన్నప్పుడు దాని పళ్లకూ డిరైలర్ పై చిన్న చక్రానికీ మధ్య ఐదారు మిల్లీమీటర్ల సందు ఉందా చూడండి, ఆ సందు సరిచేసేది బి స్క్రూ. ఆ తర్వాతే కేబుల్ బిగింపు. 12 పళ్ల చక్రం నుంచి ఒక్క క్లిక్ నొక్కితే రెండోదాని మీదికి ఎక్కాలి. ఎక్కకపోతే కేబుల్ గొట్టం కొసన, బిగుతు మార్చేందుకు ఉన్న మరను అపసవ్యంగా అర చుట్టు. ఎక్కువ దూకితే సవ్యంగా.

మణికొండ_మైలు
బుధవారం, ఉదయం 7:50

కిటకిట పోయింది. స్టాండు మీద అన్ని గేర్లూ పడుతున్నాయి. ఈ ఆనందంలో కింద వీధిలోకి దిగి గట్టిగా తొక్కా. 5, 6 గేర్లలో టక్కున జారింది. మోకాలు హ్యాండిల్‌కు కొట్టుకుంది. మిగతా గేర్లలో ఏమీ లేదు. కొత్త చైను కూడా పాడైందా?

గేరులేని_గిరి
బుధవారం, 8:00

నేనేమీ అనట్లేదు.

అనంతగిరి_అక్క
బుధవారం, 8:25

తమ్మీ, ఒకటి చూడు. జారుడు లెక్క ప్రకారం వస్తున్నదా? బిగుసుకున్న లింకు ఒకటి ఉంటే, ముందు 34 మీద ఉన్నప్పుడు పెడల్ మూడు చుట్లు దాటినంక ఒక్కపారి ఎగురుతది, మళ్ల మూడు చుట్లు దాటినంక ఇంకోపారి. ఏ గేరుల అయినా గంతే. పెడల్ వెనక్కి మెల్లగ తిప్పుకుంట కింది చిన్న చక్రం దిక్కు చూడు, బిగుసుకున్న లింకు ఆడికి రాంగనే డిరైలర్ ఉలిక్కిపడ్డట్టు అవుతది.

మణికొండ_మైలు
బుధవారం, 8:40

వెనక్కి తిప్పి చూశా అక్కా, డిరైలర్ నిశ్చలంగా ఉంది. బలం పెట్టినప్పుడే జారుతోంది, అదీ ఆ రెండిట్లోనే.

అనంతగిరి_అక్క
బుధవారం, 8:52

అయితే చైను కాదు, పళ్లు. నీ దాంట్ల 5, 6 అంటే 18, 16 పళ్ల చక్రాలు. మణికొండ, నార్సింగి దిక్కు చదును రోడ్ల మీద రోజూ నువ్వు తొక్కేది గవ్వే. మూడేండ్లు పాత చైను, ఆ పళ్లు కలిసి అరిగినయి, ఒకదానికొకటి అలవాటైనయి. ఇప్పుడు కొత్త చైను ఆడ కూసుంటలేదు. కోకాపేట టిప్పర్ల దుమ్ములో నూనె చైను తిరిగితే గరుకు కాగితమే.

కేబుల్‌బ్రిడ్జి_కుర్రాడు
బుధవారం, 9:05

ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సోలార్ పలకల కప్పున్న సైకిల్ ట్రాక్ మీద ఒక వారం తొక్కు, సెట్ అయిపోద్ది. 23 కిలోమీటర్లు, ట్రాఫిక్ లేదు.

స్పోకు_శాస్త్రి
బుధవారం, 9:30

2023 అక్టోబరు 1న తెరిచినప్పటి నుంచి నేనూ అక్కడ తిరుగుతున్నాను, నాకూ ఇష్టమే. కానీ ఎండ తగలని ఆ చదును దారిలో కాలి మీద బరువే పడదు, కాబట్టి జారదు. బాగైందనుకుని మణికొండ గారు మళ్లీ ఎత్తెక్కుతారు, నిలబడతారు, జారి ముందుకు పడతారు. జారే పళ్లు సెట్ కావు.

క్యాసెట్టు (వెనక పళ్ల చక్రాల కట్ట) మార్చాలి. ముందు అది క్యాసెట్టో, ఫ్రీవీలో (పళ్ల చక్రాలు, ఫ్రీగా తిరిగే భాగం ఒకే ముక్కగా ఉండేది) చూసుకోండి. 8 గేర్లది కాబట్టి క్యాసెట్టే అయి ఉంటుంది. లాక్ రింగు విప్పే పనిముట్టు, చక్రం తిరగకుండా పట్టే చైను కర్ర రెండూ కావాలి. బిగింపు 40 న్యూటన్ మీటర్లు. పనిముట్లు కొనే కంటే షాపులో మార్పించుకోవడం మేలు. 12-32 బదులు ఇంకేదో పెద్దది వేస్తామంటే వద్దనండి, చైను పొడవు కథ మళ్లీ మొదలవుతుంది.

మణికొండ_మైలు
శనివారం, సాయంత్రం 6:10

క్యాసెట్టు మారింది. జారట్లేదు. పెద్ద చక్రం వైపు చక్కగా ఎక్కుతోంది. చిన్న చక్రాల వైపు దిగేటప్పుడు మాత్రం ఒక అర క్షణం ఆలోచించి దిగుతోంది.

లాలాగూడ_ఫిట్టర్
శనివారం, 6:32

పైకి ఎక్కించేటప్పుడు నీ బొటనవేలు లాగుతుంది, దానికి బలముంది. కిందికి దింపేది డిరైలర్ స్ప్రింగు ఒక్కటే. గొట్టంలో కేబుల్ పట్టేస్తే స్ప్రింగు ఓడిపోతుంది. డిరైలర్‌లోకి పోయే ఆఖరి వంపు గొట్టం విప్పి చూడు, ఎర్ర బురద ఉంటుంది. కేబుల్, ఆ ఒక్క గొట్టం ముక్క మార్చు. స్క్రూలు ముట్టకు.

మణికొండ_మైలు
ఆదివారం, ఉదయం 10:45

గొట్టంలోంచి నిజంగానే ఎర్ర మట్టి రాలింది. మార్చా. ఇవాళ అదే చిలుకూరు ఎత్తు, ఎక్కకముందే గేరు దించుకుని కూర్చునే ఎక్కా. వస్తూ పంక్చర్ షాపు దగ్గర ఆగి, 8 గేర్ల క్విక్ లింకులు రెండు ఆయనకిచ్చి, ఎలా వేయాలో చూపించా. ఆయన ఒక్కసారి చూసి, నాకంటే వేగంగా వేసి చూపించాడు. ఎల్ స్క్రూ గురించి అడిగా. "స్పోకులకు తాకుతుండె సార్, గందుకే" అన్నాడు. చాయ్ ఇప్పించాడు, డబ్బులు తీసుకోలేదు.

పటాన్‌చెరు_పెడల్
ఆదివారం, 11:20

అన్నా, నాకూ సేమ్ ప్రాబ్లం. 7 గేర్ల బండి, నిన్న చైను తెగింది. హెచ్ స్క్రూ ఎటు తిప్పాలి?

అనంతగిరి_అక్క
ఆదివారం, 11:24

ముందుగాల ఫోటో పెట్టు తమ్మీ. తుడిచి పెట్టు.